మురళి మొదలుపెట్టిన చీర

మా స్టాఫ్ రూములో ఎవరైనా దెయ్యాలూ ఆత్మలూ అని మొదలుపెడితే నేను పేపర్లు దిద్దుకుంటూ నవ్వి ఊరుకునేదాన్ని. విజయవాడలో ఒక హైస్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. నాకు వాటి మీద నమ్మకం లేదు, నమ్మేవాళ్ళ మీద ఓపికా లేదు. ఇప్పుడు రాస్తున్నది కూడా ఎవర్నీ నమ్మించడానికి కాదు. జరిగింది జరిగినట్టు చెప్పేస్తే మనసు తేలికపడుతుందని.

మాది మంగళగిరి, నేత ఇల్లు. తొంభైల చివర్లో సరిహద్దు కొండల మీద జరిగిన యుద్ధంలో మా తమ్ముడు మురళి పోయాడు. వాడికి పట్టుమని పాతికేళ్ళు లేవు. దెబ్బతిన్న తోటి సైనికుణ్ణి వెనక్కి తెచ్చి, ఇంకొకణ్ణి తేవడానికి మళ్ళీ వెళ్ళాడట. పెట్టె వచ్చింది. తెరవొద్దన్నారు. ఊరంతా వెనక నడిచింది. అమ్మ మాత్రం కంట తడి పెట్టలేదు. "మొహం చూపించకుండా మావాడేనంటే ఎట్టా నమ్మమంటారండీ?" అని వెంట వచ్చిన ఆఫీసరుగారినే అడిగింది.

కొన్నాళ్ళకి వాడికి శౌర్య పతకం ప్రకటించారు. తల్లి ఢిల్లీ వచ్చి అందుకోవాలన్నారు. అమ్మ రానంది. పతకం పుచ్చుకుంటే కొడుకు పోయాడని తనే ఒప్పుకున్నట్టవుతుందని ఆవిడ పట్టు. అన్నం సరిగా తినదు. వాడొస్తాడని వీధి తలుపు గడియ పెట్టనివ్వదు. ఇలాగే ఉంటే ఆవిడ కూడా మాకు దక్కదేమోనని నాకు భయం పట్టుకుంది.

అప్పటికి మా గుంట మగ్గం మీద సగం నేసిన చీర ఉంది. చివరిసారి సెలవుకొచ్చినప్పుడు అమ్మ కోసం మురళి మొదలుపెట్టింది. వాడి నేతకి ఒక గుర్తుంది. అడ్డపోగు మోసుకెళ్ళే నాడె అటు వెళ్ళాక పోగు బిగియడానికి మా ఇళ్ళల్లో అందరూ మగ్గం పలకతో ఒక దెబ్బ కొడతారు. వీడు రెండు కొట్టేవాడు. "గుడ్డ నేస్తున్నావా, గోడ కడుతున్నావా?" అని నాన్న ఆటపట్టించేవాడు. మా వీధిలో చప్పుడు వింటే చాలు, మగ్గం మీద ఎవరున్నారో చెప్పొచ్చు.

ఆ మగ్గాన్ని అమ్మ ఎవర్నీ ముట్టనివ్వలేదు. ఢిల్లీ ప్రయాణం దగ్గరపడ్డాక, కొడుకు నేసిన చీర కట్టుకునైనా వస్తుందేమోనని నాన్న తెగించి మిగతా సగం నేయడానికి కూర్చున్నాడు.

అది ఆదివారం మధ్యాహ్నం. నేనూ అమ్మా వంటింట్లో చిక్కుడుకాయలు తుంచుతున్నాం. ముందు నాన్న చప్పుడే వినిపించింది, ఒక్కో దెబ్బ. కాసేపటికి రెండు. మళ్ళీ రెండు. అమ్మ చెయ్యి ఆగిపోయింది. పక్కింటి మగ్గమేమో అనుకుని పెరట్లోకి వెళ్ళి విన్నాను. కాదు, మా ఇంట్లోంచే.

మగ్గం గదిలో నాన్న ఒక్కడే ఉన్నాడు. గుమ్మంలో నిలబడి చూశాను. ఆయన చెయ్యి ఒక్కసారే కదులుతోంది. నాకు వినపడేది రెండుసార్లు.

"రెండేసి ఎందుకు కొడుతున్నావు నాన్నా?"

"నేనెప్పుడు రెండు కొట్టానే? ఒకటేగా," అన్నాడు తలెత్తకుండా.

ప్రతిధ్వని అనుకున్నాను. కిటికీ మూశాను, తలుపు మూశాను. తేడా లేదు. చీర కోసి దించాక ఆ చప్పుడు మళ్ళీ రాలేదు. అదే గదిలో, అదే మగ్గం మీద నాన్న తర్వాత నేసినవన్నీ ఒక దెబ్బ చీరలే.

మా చీరలు కొనే విజయవాడ వన్ టౌన్ షావుకారుగారు ఇంటికొచ్చినప్పుడు, ఏమీ చెప్పకుండా దాన్ని ఆయన చేతికిచ్చాను. వెలుతురుకి పట్టి, ఈ కొస నుంచి ఆ కొస దాకా తడిమారు. "మొత్తం మీ మురళి నేతే కదమ్మా?" అన్నారు. నాన్న లేచి బయటికి వెళ్ళిపోయాడు.

కొడుకు మీద బెంగతో నాన్న తనకి తెలియకుండానే వాడిలా నేసి ఉంటాడని తెలిసిన డాక్టరుగారు ఒకరన్నారు. అయ్యుండొచ్చు. మరి నేను చూసినప్పుడు చెయ్యి ఒక్కసారే కదిలిందే. ఇన్నేళ్ళు ఆలోచించాను. నా సైన్సులో దానికి సమాధానం దొరకలేదు.

అమ్మకి ఈ గొడవేమీ పట్టలేదు. చీర ఒళ్ళో పెట్టుకుని మడత వేసింది. "మొదలుపెట్టింది పూర్తిచేసి పోయాడే వాడు. ఢిల్లీ పోదాం," అంది. ఆ చీరే కట్టుకుని వెళ్ళి, తలెత్తుకుని పతకం అందుకుంది.

తిరుగు ప్రయాణంలో విజయవాడలో దిగి గుంటూరు పాసింజరు ఎక్కాం. రైలు కృష్ణా వంతెన మీదికి రాగానే అందరూ కిటికీల్లోంచి చిల్లర వేసి దణ్ణం పెట్టుకుంటున్నారు. మురళి మిలటరీలో చేరిన దగ్గర్నుంచి, ఆ వంతెన దాటినప్పుడల్లా వాడు క్షేమంగా రావాలని అమ్మ కూడా రూపాయి వేసేది. అలవాటు కొద్దీ నేను ఆవిడ చేతిలో ఒక రూపాయి పెట్టాను.

అమ్మ దాన్ని కాసేపు చూసి నాకు తిరిగి ఇచ్చేసింది.

"ఇంక అడిగేదేముందే," అని నా భుజం మీద తల పెట్టుకుంది. వాడు పోయాక ఆవిడ ఏడవగా చూడటం అదే మొదటిసారి.