తెరలోని ఓడకి కొబ్బరికాయ

అప్పట్లో మా జాలారిపేట వీధి మొత్తానికి నరసమ్మ వదిన ఇంట్లోనే టీవీ ఉండేది. మూడో తరగతితో చదువు మానేసిన నాకు హిందీ ఎక్కడొస్తుంది? ఆదివారం పూట వచ్చే ఆకాశం ఓడ సీరియల్‌ని, వదిన కూతురు లక్ష్మి కథ చెబుతుంటే చూసేవాళ్ళం.

ఆ రోజు ఓడ బయల్దేరుతోందని చెప్పింది లక్ష్మి. పదిమంది మగాళ్ళు ఎక్కారు. ఉన్న ఒక్క ఆడపిల్లా లోపల మీటలు నొక్కుతోంది. సాగనంపడానికి ఒక్కరూ రాలేదు! మా ఇళ్ళలో కొత్త పడవ చేపల వేటకెళ్తే కొబ్బరికాయ కొట్టకుండా పంపం. నాకు మనసొప్పలేదు. వదిన దేవుడి గూట్లోంచి కాయ తీసి టీవీ ముందు కొట్టేశాను. నీళ్ళు ఎగిరి టీవీ వెనక కంతల్లో పడ్డాయి. టప్పుమని పొగొచ్చి, ఓడ కాస్తా మాయమైంది.

"ఓలమ్మో, నా టీవీ! ఏటి సేసినావే?" అని వదిన గుండెలు బాదుకుంది.

"ఆళ్ళు ఎల్లేది సముద్రంలోకి కాదత్తా, సుక్కల్లోకి" అంది లక్ష్మి.

"ఎక్కడికైతే ఏటే? ఎల్లినోళ్ళు తిరిగి రావాలా, వద్దా?" అని గదిమాను. వీధిలో అందరికీ బుద్ధులు చెప్పేదాన్ని, చిప్పలు ఏరుకుని గుమ్మం వైపు జరిగాను.

టీవీ బాగయ్యాక నా చోటు గుమ్మం బయటికి మారింది. అక్కణ్ణుంచే అడిగాను.

"తిరిగొచ్చినారేటే?"

"అందరూ వచ్చినారత్తా."

"ఎదురెవరెల్లినారు?"

"ఎవలూ ఎల్లలేదు."

ఇప్పుడు నా మనవలు కూడా ఇది చెప్పుకుని నవ్వుతారు. నవ్వనీండి. ఆ కథ రాసినవాడి ఇంట్లో ఎవరూ వేటకెళ్ళి ఉండరు.