హంసవాహిని టాకీస్ తెర మీద నా పేరు

మా నాన్నగారు పాలకొల్లు దగ్గర ఒక పల్లెటూరి హైస్కూల్లో సైన్సు మాస్టారు. గాలి సోకిందనీ దిష్టి తగిలిందనీ ఎవరైనా అంటే, ముందు థర్మామీటరు తెమ్మనేవారు. నేను ఆయన కూతుర్ని. దెయ్యాలంటే నాకు భయం లేదు సరికదా, ఆ కబుర్లు చెప్పేవాళ్ళంటే కొంచెం చిన్నచూపు కూడా ఉండేది. ఇంతవరకూ ఒక్క తాయెత్తు కట్టుకుని ఎరగను. ఇదంతా ముందే ఎందుకు చెప్తున్నానంటే, కింద రాసింది చదివాక మీరు నన్నూ ఆ కబుర్ల మనుషుల్లో కలిపేస్తారేమోనని.

అది తొంభై మూడో సంవత్సరం వేసవి. నాకు పెళ్ళయి రెండేళ్ళు. రాజమండ్రి మెయిన్ రోడ్డు వెనక ఒక సందులో మా అత్తవారిల్లు. మావగారు అప్పటికే పోయారు. మావారికి తునిలో ఉద్యోగం. ఆదివారాలు మాత్రమే ఇంటికి వచ్చేవారు. మిగతా రోజులన్నీ ఇంట్లో నేనూ మా అత్తయ్యగారూ, అంతే. ఆవిడ ఒక్క మాట అనే మనిషి కాదు. కాని మాటలు బాగా తక్కువ. ఆవిడ ముఖం చూసి "సినిమాకి వెళ్తానండీ" అని అడగడానికి నాకు నోరొచ్చేది కాదు.

మా ఇంటికి పది నిమిషాల నడకలో హంసవాహిని టాకీస్ ఉండేది. పక్కింటి విజయ నా ఈడుది. ఒక శనివారం ఇద్దరం అక్కడికి మ్యాట్నీకి వెళ్దామనుకున్నాం. జాకెట్లు కుట్టడానికివ్వాలి, టైలరు దగ్గరికి వెళ్ళొస్తానని అత్తయ్యగారితో చెప్పాను. "ఎండగా ఉంది, గొడుగు తీసుకెళ్ళు" అన్నారావిడ. అబద్ధం చెప్పినందుకు గుమ్మం దిగేటప్పుడు మనసు కాస్త చివుక్కుమంది. సందు దాటేసరికి మర్చిపోయాను.

మేం ఆడవాళ్ళ బెంచీల్లో కూర్చున్నాం. సినిమా మొదలై ముప్పావుగంట అయిందేమో, పాట నడుస్తోంది. అప్పుడు తెర కింది భాగంలో నల్లటి పట్టీ, దాని మీద తెల్లటి అక్షరాలు పడ్డాయి.

"కొండేపూడి సుగుణ వెంటనే ఇంటికి రావలెను."

ఈ కాలం వాళ్ళకి కొంచెం వివరం చెప్పాలి. అప్పట్లో చాలా ఇళ్ళల్లో ఫోన్లు ఉండేవి కావు. సినిమాలో ఉన్న మనిషితో అర్జెంటు పనిపడితే, ఇంట్లోవాళ్ళు హాలుకొచ్చి గేటు దగ్గర చెప్పేవారు. వాళ్ళు ఆ పేరు గాజు స్లైడు మీద రాయించి తెర మీద వేసేవారు. అందువల్ల అది చూసి నేను వింతపడలేదు. హడలిపోయాను. పట్టుబడిపోయానన్నదే నాకు తోచిన మొదటి ఆలోచన.

విజయతో ఏమీ చెప్పకుండా లేచి బయటికొచ్చేశాను. మా ఇంటి నుంచి వచ్చిన మనిషి గేటు దగ్గర ఉంటాడనుకున్నాను. ఎవరూ లేరు. గేటు దగ్గర కూర్చున్న పెద్దాయన నన్ను చూసి, "ఏంటమ్మా, మధ్యలోనే వెళ్ళిపోతున్నారు?" అన్నాడు. పేరు వేయించినవాడు అలా అడగడు కదా అన్న సంగతి నాకప్పుడు తట్టలేదు.

దార్లోనే ఇంకో సంగతి తట్టింది. కొండేపూడి మా పుట్టింటి పేరు. రాజమండ్రిలో నన్ను ఆ పేరుతో ఎరిగినవాళ్ళు లేరు. మా సందులో నేను ఫలానావారి కోడల్ని, అంతే. విజయకి కూడా ఆ పేరు తెలియదు. అసలు నేను ఆ హాల్లో ఉన్నట్టు విజయకి తప్ప లోకంలో ఇంకెవరికీ తెలియదు. పాలకొల్లు నుంచి నాన్నగారికి ఏమైనా అయిందని కబురొచ్చిందేమో అనుకుని పరుగెత్తాను.

వీధి తలుపు లోపల గడియ పెట్టి ఉంది. ఎంత కొట్టినా పలుకు లేదు. విజయ వాళ్ళింట్లోంచి వెళ్ళి, మధ్య గోడ ఎక్కి మా దొడ్లోకి దూకాను. అత్తయ్యగారు బట్టలుతికే బండ పక్కన పడి ఉన్నారు. ఒళ్ళంతా చల్లగా, చీరంతా చెమటతో తడిసిపోయి ఉంది. పిలిస్తే ఉలుకూ లేదు, పలుకూ లేదు.

మా సందు మొదట్లోనే ఒక డాక్టరుగారి ఇల్లుండేది. భోజనం దగ్గర్నుంచి లేచి వచ్చేశారాయన. అత్తయ్యగారికి షుగరు. శనివారం ఉపవాసమని ఏమీ తినలేదు. మాత్ర మాత్రం అలవాటుగా వేసేసుకున్నారు. రక్తంలో చక్కెర పూర్తిగా పడిపోయింది. డాక్టరుగారు అక్కడే దొడ్లో, నేల మీదే, గ్లూకోజు ఎక్కించారు. నేను సీసా ఎత్తి పట్టుకుని నిలబడ్డాను. కాసేపటికి ఆవిడ కళ్ళు తెరిచి, "సుగుణా, జాకెట్లు ఇచ్చావా?" అని అడిగారు.

"ఇంకో గంట అలా పడి ఉంటే నేనొచ్చినా చేసేదేం లేదమ్మా" అన్నారు డాక్టరుగారు. సినిమా అయిపోయేసరికి ఇంకా రెండు గంటలు పట్టేది.

సాయంత్రం విజయ కంగారుగా వచ్చింది. "చెప్పాపెట్టకుండా అలా లేచి వెళ్ళిపోయావేంటే? కడుపునొప్పేమో అనుకున్నాను" అంది. స్లైడు సంగతి చెప్పాను. నా ముఖంలోకి వింతగా చూసింది. తను రెప్ప వెయ్యకుండా ఆ పాట చూస్తూనే ఉందట. ఏ పట్టీ రాలేదు, ఏ పేరూ రాలేదు అంది. ఇద్దరం చాలాసేపు వాదించుకున్నాం. తర్వాత ఆ మాట మేమిద్దరం ఎప్పుడూ ఎత్తలేదు.

ఆ రోజు నుంచి అత్తయ్యగారు కనిపించిన ప్రతివారికీ, నా కోడలు టైలరు దగ్గర్నుంచి వేళకి రాబట్టి నేనిలా ఉన్నాను అని చెప్పేవారు. నన్నెంత మెచ్చుకుంటే నేనంత కుంగిపోయేదాన్ని. ఆ పూట ఇంట్లో ఉండి ఉంటే ఆవిడ దొడ్లో దిక్కులేకుండా పడి ఉండేవారు కాదు కదా అనిపించేది. నిజం చెబుదామని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. చెప్పలేకపోయాను. ఆ తర్వాత పదేళ్ళు నేను సినిమా హాలు గడప తొక్కలేదు. మావారు రమ్మంటే తలనొప్పి అనేదాన్ని.

ఈలోగా నేను ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచరుగా చేరాను. ఊళ్ళో హాళ్ళు ఒకటొకటిగా మూతపడుతున్నాయి. రెండువేల మూడులో హంసవాహినిని కూడా పడగొట్టి షాపింగ్ కాంప్లెక్సు మొదలుపెట్టారు. అదే ఏడు మా స్కూలు ప్రత్యేక సంచిక వేస్తూ, ఊరి గురించి తలా ఒక వ్యాసం రాయమన్నారు. మిగిలినవాళ్ళు గోదావరి, పుష్కరాలు, వంతెనలు పంచుకున్నారు. నేను మూతపడిన సినిమా హాళ్ళు అన్నాను. మా హెడ్‌మిస్ట్రెస్ నవ్వింది. నిజానికి నాకు కావలసింది చరిత్ర కాదు. ఆ స్లైడు రాసిన మనిషి ఎవరో కనుక్కోవాలి. ఆయనకి దణ్ణం పెట్టాలి. అది నిజంగానే పడిందని ఒక్కరి నోట వినాలి.

రెండు నెలలు సెలవు రోజుల్లో తిరిగాను. రత్నమహల్ ఎరువుల గోడౌను అయింది. లోపల తెర ఉండాల్సిన గోడకి బస్తాలు పేర్చి ఉన్నాయి. బయట గోడ మీద మాత్రం "నేల" అని రాసి బాణం గుర్తు ఇంకా ఉంది. చిత్రవాణిని కల్యాణమండపం చేశారు. బాల్కనీకి వెళ్ళే మెట్లెక్కితే ఇప్పుడు పెళ్ళికూతురి గది వస్తుంది. ఏ హాలు ఎప్పుడు కట్టారు, ఎన్ని చేతులు మారింది, ఏ బొమ్మతో మూసేశారు, అన్నీ రాసుకున్నాను. వెళ్ళిన ప్రతిచోటా చివర్లో ఒకే ప్రశ్న అడిగేదాన్ని. హంసవాహిని ఆపరేటరు ఇప్పుడెక్కడున్నారండీ?

ఎరువుల గోడౌను గుమాస్తా చెప్పాడు. ఆయన పేరు సత్యనారాయణగారట. కడియంలో అల్లుడి నర్సరీలో ఉంటున్నారట.

ఒక ఆదివారం పొద్దున్న బస్సెక్కి కడియం వెళ్ళాను. ఆయన చెట్టు నీడలో పీట వేసుకుని మామిడి అంట్లు కడుతున్నారు. డెబ్భై దాటిన మనిషి. హాలు పేరు ఎత్తగానే ముఖం వెలిగింది. గాజు పలకకి దీపం మసి పట్టించి, సూదితో గీసి పేర్లు రాయడం ఎలాగో చేతులు తిప్పుతూ చూపించారు. సినిమా పేరు చెప్పి, ఆ శనివారం మ్యాట్నీలో ఒకామె పేరు వేశారా, గుర్తుందా అని అడిగాను.

ఆయన చేస్తున్న పని ఆపి, "ఆ బొమ్మ ఆడినన్నాళ్ళూ స్లైడు మిషను లేదండమ్మా" అన్నారు.

"లేకపోవడం ఏంటండీ?"

"అద్దం పగిలిపోయిందండి. బాగు చేయించడానికి మద్రాసు పంపేరు. ఆ వేసవంతా ప్రకటనలు కూడా ఆపేశాం. ఎవరికైనా కబురొస్తే, గేటు మనిషి లోపలికొచ్చి పేరు పెట్టి కేకేసేవాడండి."

నా ముఖం చూసి ఏమనుకున్నారో, లోపలికి వెళ్ళి పాత నోటు పుస్తకం తెచ్చారు. ఆడిన ప్రతి బొమ్మ పేరూ, ఆ రోజుల్లో మిషన్లకి వచ్చిన తేడాలూ అందులో రాసుకునేవారట. నేను చూసిన సినిమా పేరుంది. దాని కింద ఆయన చేతిరాతలో "స్లైడు మిషన్ లేదు" అని ఉంది. ఆ మాట నా కళ్ళతో రెండుసార్లు చదివాను.

విషయం మొత్తం చెప్పాను. ఆయన భయపడలేదు, నవ్వలేదు. "మీ అత్తగారు బాగున్నారా అమ్మా ఇప్పుడు?" అని మాత్రం అడిగారు. బాగున్నారన్నాను. "ఆవిడకి చెప్పండమ్మా" అన్నారు. బస్సెక్కే ముందు ఒక సన్నజాజి మొక్క చేతిలో పెట్టారు.

ఇంటికొచ్చి, చెప్పులు విప్పి, వంటింట్లో చిక్కుడుకాయలు బాగుచేస్తున్న అత్తయ్యగారి ఎదురుగా కూర్చున్నాను. టైలరు అబద్ధం దగ్గర్నుంచి నోటు పుస్తకం దాకా ఒక్క గుక్కలో చెప్పేశాను. చెప్తూ ఏడ్చేశాను.

ఆవిడ తల వంచుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే ఉన్నారు. తర్వాత భుజాలు కదలడం చూసి ఏడుస్తున్నారనుకున్నాను. నవ్వుతున్నారు. ఆవిడ అలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

"సినిమాకా! దానికి పదేళ్ళు దాచుకున్నావా? పిచ్చిపిల్లా, మీ మావగారికి చెప్పకుండా అదే హాల్లో నేనెన్ని బొమ్మలు చూశాననుకున్నావు? ఆయనకీ టైలరనే చెప్పేదాన్ని."

"నేను ఇంట్లో ఉండుంటే మీరలా..."

"ఉంటే ఏం? నువ్వు ముందు గదిలో పడుకునేదానివి. నేను దొడ్లో పడితే నీకేం తెలుస్తుంది? తినకుండా మాత్ర మింగింది నేను. నీది కాదు తప్పు" అన్నారు.

పదేళ్ళుగా గుండెల మీద ఉన్న బరువు ఆ నిమిషంలో దిగిపోయింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. హంసవాహిని మీద నా వ్యాసంలో సగం ఆవిడ చెప్పిందే. ఆడవాళ్ళ టికెట్ల కిటికీ దగ్గర తోపులాట, బొమ్మ మొదలయ్యే ముందు గంట మోగడం, చంటిపిల్లల్ని తెచ్చినవాళ్ళకి చివరి బెంచీ ఇవ్వడం, అన్నీ ఆవిడకి నోటికొచ్చు. స్లైడు సంగతి మాత్రం వ్యాసంలో రాయలేదు. ఇదే మొదటిసారి రాయడం.

అబద్ధం చెప్పిన భయం వల్లే అలా కనిపించిందని ఎవరైనా అనొచ్చు. నేనూ అనుకుని చూశాను. కాని ఆ భయం ఇంటి గుమ్మంలో ఉంది, హాల్లో లేదు. పాటలో నేను ఒళ్ళు మర్చిపోయి ఉన్నాను. సరిగ్గా ఆవిడ దొడ్లో పడి ఉన్న వేళకే నా పేరు ఎందుకు పడింది? మా నాన్నగారిని అడిగితే, "తెలియదమ్మా" అన్నారు. ఆయన నోట ఆ మాట వినడం నాకు అదే మొదలు. నాకూ తెలియదు. ఇప్పుడు వెతకడం కూడా మానేశాను.

నేను నిజం చెప్పిన నెలలోనే అత్తయ్యగారే అడిగి నన్ను మ్యాట్నీకి తీసుకెళ్ళారు. ఊళ్ళో మిగిలిన హాళ్ళలో ఒకదానికి. దీపాలు ఆరిపోయి తెర వెలగగానే నేను బిగుసుకుపోయాను. ఆవిడ చీకట్లోనే నా చెయ్యి అందుకుని, చెవి దగ్గరికి వంగి అన్నారు.

"ఇద్దరం ఇక్కడే ఉన్నాంగా. ఇంకెవరు పిలుస్తారమ్మా నిన్ను? చూడు, బొమ్మ చూడు."