చివర ఎక్కిన బండి

బండి అంటే ఏమిటన్న దాని మీద ఫెర్రీ నడిపే సరంగుకీ నాకూ ఒక పొద్దున తగువు వచ్చింది. ముందురోజు మా కోడలు రేవుకు పోయి, "బావూ, రేపు మా బండి ఎక్కిస్తారా?" అని అడిగిందట. "బండే కదా, తెచ్చీయమ్మా" అన్నాడట. తెల్లారి మేమిద్దరం తోసుకుపోయింది ఇడ్లీ బండి. నాలుగు సైకిలు చక్రాలు, పైన రేకు కప్పు, కింద గ్యాసు బండ.

సరంగు పై గదిలోంచి దిగి వచ్చి దాని చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఏటి మామ్మా ఇది? బండంటే స్కూటరనుకున్నాను గానీ."

"స్కూటరుకి సక్రాలెన్ని బావూ?"

"రెండు."

"దీనికి నాలుగు. మరేది పెద్ద బండి?"

వెనకాల స్కూటర్ల మీద ఉన్నవాళ్ళు నవ్వారు. సరంగు మాత్రం నవ్వలేదు.

"దీనికి ఇంజనేదీ?"

"ఇదిగో" అని మా కోడలి భుజం మీద చెయ్యి వేశాను.

అప్పుడు నవ్వాడు. "సర్లే, ఎక్కించండి. గ్యాసు బండ మాత్రం బిగించీయాల. నా ఫెర్రీలో పొయ్యి ఎలిగించినారంటే మధ్యలో దింపీసి పోతాను."

ఆ రోజు మా తొందర మాది. కోడలు ద్వారకా నగర్‌లో కోచింగు పిల్లలు తినే హోటల్లో ఏళ్ళ తరబడి పరాయి పిండి రుబ్బింది. ఇప్పుడు సొంత బండి పెట్టుకుంది. అవతలి ఒడ్డున పనివాళ్ళుండే షెడ్ల గేటు ముందు దోసెలు వేసే ఆయన సబ్బవరం వెళ్ళిపోవడంతో ఆ చోటు ఖాళీ అయింది. బళ్ళవాళ్ళకు ఒక కట్టుబాటు ఉంది. ఖాళీ చోటులో ముందు ఎవరు పొయ్యి వెలిగిస్తే చోటు వాళ్ళది. ఆ చోటు మీద ఒక పూరీల బండాయన కన్ను కూడా పడిందని కోడలికి తెలుసు. గాజువాక మీదుగా రోడ్డున తోసుకుపోతే ఎండెక్కిపోతుంది. అందుకే ఫెర్రీ.

ఇడ్లీలు అక్కడే వేస్తానంది కోడలు. నేను ఒప్పుకోలేదు. పెరట్లో పుల్లలుండగా గ్యాసు తగలెయ్యడం ఎందుకు? మొదటి వాయిలన్నీ ఇంట్లోనే దింపించి, పెద్ద డేకిసాలోకి ఎత్తి, పాత నేతచీరతో పసిపిల్లకు చుట్టినట్టు చుట్టాను.

ఆ రేవు నాకు కొత్త కాదు. నేను కాపురానికి వచ్చినప్పుడు తెడ్లు వేసే నాటు పడవే ఉండేది. తర్వాత రెండు పడవల్ని జతకట్టి పైన బల్లలు పరిచిన పంటి వచ్చింది. మనుషులు, సైకిళ్ళు, ఒక్కోసారి గేదెలు కూడా దాని మీదే. గేదె కదిలితే అందరం ఒక పక్కకు ఒరిగేవాళ్ళం. ఆ తర్వాత ఇనప ఫెర్రీ. దానికి ముందువైపు ఒకటే తలుపు, గొలుసులతో నోరు తెరిచినట్టు ఒడ్డు మీదకు దిగేది. ఆ నోట్లోంచే ఎక్కాలి, ఆ నోట్లోంచే దిగాలి. కాబట్టి చివర ఎక్కిన బండే మొదట దిగుతుంది.

అది గుర్తుపెట్టుకునే నేను కోడలిని పక్కకు లాగాను. "ఆగు పిల్లా. అందర్నీ ఎక్కనీ. మనం ఆఖర్న ఎక్కితే ముందు దిగుతాం."

"అలాగేటత్తా?"

"నాకు సెప్తన్నావా? నాను పంటి మీద గేదెతో ఎల్లినదాన్ని."

స్కూటర్లన్నీ ఎక్కాయి. చివర మా బండి ఎక్కింది. పక్కలకు పాత టైర్లు వేలాడుతున్నాయి, మనుషులకు అటూ ఇటూ బల్లలు. అన్నీ పాత ఫెర్రీలాగే ఉన్నాయి. ఇంజను మోగింది. వెనక్కి జరిగి, తిరిగి, మూతి మార్చుకుంటుందని చూశాను. అది తిరగలేదు. ఉన్నది ఉన్నట్టుగా అవతలి ఒడ్డుకేసి పోతోంది.

"ఇది తిరగదేటి?" అని పక్కనున్న స్కూటరతన్ని అడిగాను.

"ఎందుకు తిరగాల మామ్మా? కొత్తదానికి రెండు పక్కలా తలుపులే. ఇటెక్కి అటు దిగిపోడమే."

కోడలు నా వైపు చూసింది. ఆ చూపే నాకు ఎక్కువైంది.

అంతలో ఇంజను ఆగింది. ఎదురుగా ఒక పెద్ద ఓడ హార్బరులోకి వస్తోంది. అది దాటేదాకా మేము కదలకూడదు. మేడలు మేడలుగా ఉన్న ఆ ఓడ పెళ్ళికూతురిలా మెల్లగా నడిచింది.

"అత్తా, అటు సూడు" అంది కోడలు. అవతల గేటు దగ్గర గోడ మీదుగా బొగ్గుల పొగ లేస్తోంది. పూరీల బండాయన పొయ్యి వెలిగించేశాడు.

కోడలు మొహం తిప్పుకుంది. నాకు ఓదార్చడం రాదు. డేకిసా చూశాను. చీర మడతల్లోంచి ఆవిరి పోతోంది. చల్లారితే ఎవరు తింటారు? ముడి విప్పాను.

సరంగు పైనుంచి కేకేశాడు. "మామ్మా, ఏటి సేత్తన్నావ్?"

"పొయ్యి ఎలిగించొద్దన్నావు బావూ. మూత తియ్యొద్దనలేదు."

అల్లం పచ్చడి వాసన ఫెర్రీ అంతా పాకింది. ఆ స్కూటర్ల వాళ్ళంతా ఆ గేటు లోపల పనిచేసేవాళ్ళే, పొద్దున్నే ఖాళీ కడుపుతో బయలుదేరినవాళ్ళే. ఒకడు దిగి వచ్చాడు. వాడి వెనక అందరూ వచ్చారు. కోడలు అడ్డాకుల్లో పెడుతుంటే నేను పచ్చడి వేశాను. ఒకడు మళ్ళీ మళ్ళీ పచ్చడికే చెయ్యి చాపాడు. "ఇడ్లీలో నంజుకోడానికి పచ్చడి గానీ, పచ్చడిలో నంజుకోడానికి ఇడ్లీ కాదు నాయినా" అన్నాను. వాడు నవ్వుతూ ఇంకో రెండు ఇడ్లీలు పెట్టించుకున్నాడు. సరంగు కూడా ఆకు పట్టుకుని దిగాడు.

ఓడ వెళ్ళిపోయింది. మేము ఒడ్డుకు చేరాం. స్కూటర్లు ముందు దిగాయి, మా బండి చివర మిగిలింది. ఆటుకి నీరు దిగిపోయి ఒడ్డు ఎత్తైపోయింది. బండిని పైకి తొయ్యడం మా ఇద్దరి వల్లా కాలేదు. అప్పుడు ఆ స్కూటర్ల వాళ్ళే బళ్ళు ఆపి, చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఇంజనుకి సాయం పడతాం మామ్మా" అని పైదాకా తోశారు. తోసినవాళ్ళు అక్కడే నిలబడిపోయారు.

"ఇంకో వాయి వెయ్యమ్మా, వెనకాల మా బ్యాచీ వత్తంది."

కోడలు గేటు వైపు ఒకసారి చూసింది. తర్వాత రేవు మొదట్లోనే, గోడ నీడలో, అగ్గిపుల్ల గీసింది.

ఇప్పుడు గేటు దగ్గర చోటిస్తామన్నా కోడలు పోదు. పొయ్యి ముందు వెలిగించినవాళ్ళదే చోటు అన్నది కట్టుబాటు. గేటు దగ్గరే వెలిగించాలని అందులో లేదు. రోజూ మొదటి ట్రిప్పు ఒడ్డుకు తగలగానే సరంగు పై గదిలోంచే కేకేస్తాడు.

"మామ్మా, మూత తియ్యి."