తెడ్డుకు చెవి ఆనించి

తొంభైల్లో ఉక్కు ఫ్యాక్టరీ పనిమీద కర్నూలు నుంచి విశాఖ వెళ్లినప్పుడు, జాలరిపేటలో ఒక ముసలాయన నన్ను తన పడవలో సముద్రం మీదకు తీసుకెళ్లాడు. రెండు గంటలు తిరిగినా ఒక్క చేపా పడలేదు. అప్పుడాయన తెడ్డును నీళ్లలో నిలిపి, దాని పైకొనకు చెవి ఆనించాడు.

"ఏం చేస్తున్నావు తాతా?"

"సేపల మాటలు ఇంటన్నాను. నువ్వూ ఇను బాబూ."

విన్నాను. కింద వందల కప్పలు అరుస్తున్నట్టుంది. సముద్రం అడుగున ఏ చప్పుడూ ఉండదనుకునేవాణ్ణి.

"ఇన్ని ఉన్నాయి కదా, వల వెయ్యవా?"

"జత కోసం పిలుసుకుంటన్నాయి. ఇయ్యాలకి ఒగ్గేద్దాం."

"మనం పైన ఉన్నామని వాటికి తెలుసా?" అన్నాను.

ఆయన నవ్వాడు. "మనం పుట్టకముందు నించీ మాటాడుకుంటన్నాయి. మనతో వాటికి పనేటి?"

ఖాళీ పడవను వెనక్కి తిప్పాడు. ఒడ్డు చేరేదాకా నేను గుసగుసగానే మాట్లాడాను.