త్రాసులో మనవరాలు

కూరగాయల మార్కెట్ గేటు పక్కన రేకుల కప్పు కింద మా మామయ్య త్రాసు ముప్పై ఏళ్ళుగా వేలాడుతోంది. సరుకు అమ్మడం ఆయన పని కాదు. దుకాణంలో తూకం మీద ఎవరికైనా అనుమానం వస్తే సంచీ పట్టుకుని ఆయన దగ్గరికి వస్తారు. ఆయన తూచి చెప్పిన మాటే ఆఖరి మాట. అందుకే మార్కెట్లో అందరూ ఆయన్ని నిక్కచ్చి అంటారు. సొంత అక్క ఆకుకూరలమ్ముతుంటే, నీళ్ళు చల్లి బరువు పెంచిందని ఆవిడ కట్టల్నే నలుగురిలో దులిపించిన ఘనుడు. ఆ తర్వాత ఏడాదిపాటు అక్కాతమ్ముళ్ళకి మాటల్లేవట. అలాంటి మనిషికి నేను కోడలినయ్యాను, పైగా మనవరాల్ని కని ఇచ్చాను.

ఆస్పత్రిలో పిల్లని చేతికివ్వగానే ముద్దు పెట్టుకోలేదు. రెండు అరచేతుల్లో ఆనించుకుని, కళ్ళు మూసుకుని, "రెండు కిలోల తొమ్మిది వందలు" అన్నారు. నర్సు కాటా కూడా అదే చెప్పింది. ఇంక చూడాలి ఆయన సంబరం! వార్డంతా తిరిగి చెప్పుకొచ్చారు, పిల్ల పుట్టిందని కాదు, తన చెయ్యి తప్పలేదని.

నాలుగో రోజు మళ్ళీ ఎత్తుకుని ముఖం మాడ్చుకున్నారు. "అమ్మాయ్, రెండు వందలు తరుగు వచ్చింది" అన్నారు, పిల్లేదో ఎండకి ఆరిన ఉల్లిపాయల బస్తా అయినట్టు. గాభరాగా నర్సుని పిలిచాను. నర్సు మాత్రం నవ్వేసింది. మొదటి రోజుల్లో పిల్లలందరూ కొంచెం తగ్గుతారనీ, రెండు వారాల్లో పుట్టినప్పటి బరువుకి వచ్చేస్తారనీ చెప్పింది.

"అడిగినప్పుడల్లా పాలివ్వమ్మా. గడియారం వైపు చూడకు. ఆరు నెలలు నిండేదాకా పాలు తప్ప ఇంకేం వద్దు, మంచినీళ్ళు కూడా."

మామయ్య అంతా శ్రద్ధగా విని తలూపారు. ఆఖర్న ఒక్కటే అడిగారు. "మీ కాటాకి తూనికల ఆఫీసు ముద్ర ఎప్పుడు వేయించారమ్మా?"

నేను ఇంటికొచ్చేసరికి నడిమింట్లో దూలానికి పాత త్రాసు వేలాడుతోంది. ఒక పళ్ళెంలో మెత్తటి దుప్పటి మడత, ఇంకో పళ్ళెంలో తూనికరాళ్ళు. పాలిచ్చే ముందు ఒకసారి, ఇచ్చాక ఒకసారి తూచాలట. అదీ మూడు గంటలకోసారే ఇవ్వాలట.

"నర్సు అడిగినప్పుడల్లా అంది కదా మామయ్యా?"

"అరగంటకో గుక్క తాగితే ముల్లు కదలదమ్మా. మూడు గంటలు ఆగి గట్టిగా తాగిందనుకో, ఎంత పట్టిందో మనకీ తెలుస్తుంది."

ముల్లుకి తెలియడం కోసం నా కూతురు ఆకలితో ఉండాలన్నమాట! ఆయన ముందు ఆ మాట అనలేకపోయాను. పుట్టింట్లో ఉండుంటే అనేదాన్నేమో. రెండు రోజులు చెప్పినట్టే చేశాను. పిల్ల మాత్రం చెయ్యలేదు. తాగిన పావుగంటకే పిడికిలి నోట్లో పెట్టుకుని చప్పరించేది, తల అటూ ఇటూ తిప్పి వెతికేది, ఆఖరికి ఇల్లెగిరిపోయేలా ఏడ్చేది. మామయ్య చేతి గడియారం చూసుకుని, "ఇంకా గంటన్నర ఉంది" అనేవారు. నా రొమ్ములు రాళ్ళలా గట్టిపడి, జాకెట్టు తడిసిపోయేది. పిల్లకంటే ఎక్కువ నేనే ఏడ్చాను.

మూడో రోజు నుంచి దొంగతనం మొదలుపెట్టాను. ఆయన మార్కెట్లో ఉన్నంతసేపూ దొరతనమే, పిల్ల ఎప్పుడంటే అప్పుడే. ఆయన ఇంట్లో ఉంటే స్నానాలగదిలో, డాబా మీద ఆరేసిన దుప్పట్ల చాటున, బియ్యం బస్తాల వెనక.

"గుడ్డలు ఆరెయ్యడానికి అంతసేపా అమ్మాయ్?" అని కింది నుంచి కేక వేసేవారు.

"ఇవాళ గాలెక్కువగా ఉంది మామయ్యా, ఎగిరిపోతున్నాయి!"

మా ఆయన బస్సు డ్రైవరు. అంత పెద్ద బండిని సందుల్లో తిప్పుతారుగానీ తండ్రి ముందు నోరు తిరగదు. "నాన్నతో నువ్వే చెప్పు, నాకు డ్యూటీ ఉంది" అని చల్లగా జారుకునేవారు.

దొంగపని ఊరికే పోతుందా? అప్పటికే కడుపు నిండిన పిల్ల, మామయ్య ఎదుట పాలిస్తే మర్యాదకి నాలుగు గుక్కలు తాగి నిద్రపోయేది. ఒకసారి పదిహేను గ్రాములు, ఒకసారి పది. ఒకరోజు తాగుతూ తాగుతూ గుడ్డ పాడుచేసింది. గుడ్డ మార్చి తూస్తే ముందున్నదానికంటే ఇరవై తక్కువ. మామయ్య సుద్దముక్కతో తలుపు మీద "తరుగు ఇరవై" అని రాశారు. రోజూ ఆ తలుపు మీది అంకెలు చూసి చూసి, నిజం తెలిసిన నాకే అనుమానం పట్టుకుంది. నా పాలు నిజంగా చాలుతున్నాయా? నేను దొంగచాటుగా ఇస్తున్నవి కూడా ఇలాగే పది, పదిహేనేనా? ఎవర్నడగను?

మూడు నెలలు నిండుతుండగా మామయ్య అక్కగారు దిగబడింది. తలుపు మీది అంకెలు చూసి బుగ్గలు నొక్కుకుంది.

"ఒరే తమ్ముడూ, ఈ పిల్లకి పాలెక్కడున్నాయిరా? పలచగా జావ కాచి పట్టండి. మా పిల్లలందరికీ మూడో నెలలోనే పట్టేశాను, గుండ్రాళ్ళలా లేరూ?"

"ఆరు నెలలదాకా వద్దని నర్సు చెప్పింది పెద్దత్తయ్యా" అన్నాను.

"నర్సుకి ఎంతమంది పిల్లలట?"

మామయ్య నా వైపు చూడలేక త్రాసు వైపు చూశారు. "ముల్లు అబద్ధం చెప్పదమ్మా. సోమవారం నుంచి మొదలుపెడదాం" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నిజం చెబితే మూడు నెలల మోసం బయటపడుతుంది. చెప్పకపోతే సోమవారం నా కూతురి నోట్లో జావ పడుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

అయితే మామయ్యని ఇంకొకటి తొలిచేస్తోంది. పిల్ల బరువు. అది ఆగకుండా పెరుగుతోంది, అయిదు కిలోలు దాటింది.

"రోజుకి ఎనిమిది సార్లు పదిహేనేసి తాగితే నూట ఇరవై. అందులో సగం గుడ్డల పాలు. మరి రోజుకి పాతిక ఎలా పెరుగుతుంది?" అని తనలో తను గొణుక్కునేవారు.

"అది నీరు బరువురా" అంది అక్కగారు.

"నీరు బరువు సంగతి నీకు తెలిసినట్టు ఎవరికి తెలుస్తుందిలే అక్కా!"

నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పరిగెత్తాను. మర్నాడు ఆయన మార్కెట్ నుంచి ముద్ర వేసిన రాళ్ళు తెచ్చి ఇంట్లో త్రాసుని పరీక్షించారు. ఎన్నిసార్లు చూసినా త్రాసు సరిగ్గానే ఉంది. శుక్రవారం మధ్యాహ్నమే ఇంటికొచ్చి, అన్నం సగంలో వదిలేసి చెయ్యి కడుక్కున్నారు.

"అమ్మాయ్, తప్పు త్రాసులో లేదు. నాకే ముల్లు సరిగ్గా కనబడటం లేదు. ఎన్నాళ్ళ నుంచో ఏమో. ఎంతమందికి తప్పు చెప్పానో, ఎవరి నోటి దగ్గర కూడు తీశానో. రేపు మార్కెట్ కమిటీవాళ్ళకి చెప్పేస్తాను, నా చోట ఇంకెవరినైనా కూర్చోబెట్టుకోమని."

ఆయన ఓడిపోవాలని మూడు నెలలుగా కోరుకున్నదాన్ని నేనే. తీరా ఓడిపోయి ఆ పీట మీద కూర్చుంటే చూడలేకపోయాను. పిల్లని భుజాన వేసుకుని ఎదురుగా నిలబడ్డాను.

"తప్పు మీ కంట్లోనూ లేదు మామయ్యా. నేను దొంగచాటుగా పాలిస్తున్నాను."

ఆయన తలెత్తారు. "ఎవరికి?"

"ఎవరికేమిటి, మీ మనవరాలికే! మీరు మార్కెట్‌కి వెళ్ళగానే, డాబా మీద, స్నానాలగదిలో. అడిగినప్పుడల్లా ఇచ్చేస్తున్నాను. మీ ఎదుట తూచేసరికి దాని కడుపు నిండే ఉంటుంది."

"రోజుకి ఎన్నిసార్లు?"

"లెక్కపెట్టలేదు."

"ఒక్కోసారి ఎంత?"

"నాకేం తెలుసు? ఆకలేస్తే నోరు తెరుస్తుంది, చాలితే వదిలేస్తుంది."

మోసం చేశావని తిడతారనుకున్నాను. తిట్టారు కూడా, కానీ తర్వాత. ముందు మాత్రం రెండు చేతులూ చాచి పిల్లని తీసుకున్నారు. అరచేతుల్లో ఆనించుకుని కళ్ళు మూసుకున్నారు. "అయితే నేను తప్పు తూచలేదు" అన్నారు. పిల్ల బొజ్జకి ముఖం ఆనించి కళ్ళు తుడుచుకున్నారు. నాకూ ఏడుపాగలేదు. పిల్ల ఒక్కతే నవ్వింది.

ఆ తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. "త్రాసుని మోసం చేస్తావా?" అని గోడకి చెప్పేవారు, నాకు వినబడేలా. సోమవారం అక్కగారు జావ గిన్నెతో వస్తే గుమ్మంలోనే ఆపేశారు. "ఆరు నెలలు నిండేదాకా దాని జోలికి రాకక్కా. తల్లి పాలు బ్రహ్మాండంగా ఉన్నాయి. నేను చూశాను" అన్నారు. ఏం చూశారో, ఎప్పుడు చూశారో ఆవిడ అడగలేదు, నేనూ అడగలేదు. ఆ సాయంత్రం తలుపు మీది అంకెలన్నీ ఆయనే తడిగుడ్డతో తుడిచేశారు. పిల్లేడిస్తే గడియారం చూడటం మానేసి, "అమ్మాయ్, పిలుస్తోంది" అనడం మొదలుపెట్టారు.

ఆరు నెలలు నిండాయి. పిల్ల ఆసరా పెడితే కూర్చుంటోంది. మేము తింటుంటే మా చేతుల వంకే చూస్తూ, ముద్ద నోటికి వెళ్ళినప్పుడల్లా తనూ నోరు తెరుస్తోంది. నర్సు ఇప్పుడు మొదలుపెట్టవచ్చంది, పాలు మాత్రం మానకుండా. అన్నం మెత్తగా మెదిపి గిన్నె మామయ్య చేతిలో పెట్టాను. మొదటి ముద్ద ఆయన చొక్కా మీదికి ఉమ్మేసింది. రెండోది నాలికతో అటూ ఇటూ తిప్పి ఆలోచించింది. మూడోది మింగింది. ఇంకో రెండు తిన్నాక తల పక్కకి తిప్పేసుకుని నా కోసం చేతులు చాచింది. మామయ్య బతిమాలలేదు, గిన్నె కింద పెట్టేశారు.

అక్కగారు మెడ సాచి చూసింది. "ఎంత తిందిరా తమ్ముడూ?"

మామయ్య గిన్నెలోకి చూశారు. పాత అలవాటుకొద్దీ ఏదో అంకె పెదాల దాకా వచ్చింది. దాన్ని లోపలే దాచుకుని, పిల్లని నా ఒళ్ళో పెట్టి, "చాలినంత" అన్నారు.