ఎడమచేతి నాలుగు వేళ్ళు

మా ఇంట్లో గుడ్డని కళ్ళతో చూడరు, వేళ్ళతో చూస్తారు. అదీ ఎడమచేతి వేళ్ళతో. కుడిచేయి గుడ్డ తాను విప్పడానికి, గజం బద్ద పట్టడానికి, కత్తెరకి. ఎడమచేతి బొటనవేలికీ మిగతా వేళ్ళ కొనలకీ మధ్య గుడ్డ అంచు పెట్టి ఒక్కసారి నలిపితే చాలు, అసలు నూలా, ఏదైనా కలిసిందా, ఉతికితే ఎంత ముడుచుకుంటుంది, అన్నీ చెప్పేయాలి. బొటనవేలు ఊరికే తోడు. తెలుసుకునేవి ఆ నాలుగు కొనలే.

నాకు పదేళ్ళప్పుడు నాయన నన్ను మా గుడ్డల అంగట్లో గోనెసంచి మీద కూర్చోబెట్టి, కళ్ళకి తువ్వాలు కట్టి, గుడ్డముక్కలు ఒక్కొక్కటే చేతిలో పెట్టేవాడు. తప్పు చెబితే కొట్టేవాడు కాదు, తిట్టేవాడూ కాదు. "మళ్ళా చూడు" అనేవాడు. ఆ 'మళ్ళా చూడు' విని విని నాకు ప్రాణం విసిగిపోయింది. పదిహేనేళ్ళకల్లా నా వేళ్ళు తప్పు చెప్పడం మానేశాయి. ఇక అంగడి నన్ను వదలదని ఆ రోజే అర్థమైంది.

అంగడి పుదుచ్చేరి బజారులో, ఇల్లు నెల్లితోపులో. ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం. మా నాయనకి తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. నేనూ ఈ అక్షరాలు ముప్పై దాటాక కూడబలుక్కుని నేర్చుకున్నవాడినే. కాబట్టి ఇది ఆయన చదవడు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

ఇరవై ఆరేళ్ళ వయసులో గిటారు మొదలుపెట్టడం బుద్ధున్నవాడు చేసే పని కాదు. బదిలీ మీద ఊరు వదిలి వెళ్తున్న ఒక బ్యాంకు ఉద్యోగి తన ఎలక్ట్రిక్ గిటారు అమ్ముతుంటే కొన్నాను. స్పీకరు పెట్టె కొనలేదు. పాత కంప్యూటరొకటి ఉండేది. గిటారు వైరు దాని వెనక గుచ్చి, చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని వాయించేవాణ్ణి. నా చెవుల్లో లీడ్ గిటారు మోగిపోయేది. బయటున్నవాళ్ళకి మాత్రం ఇనుప తీగల టిక్కుటిక్కులే.

"ఏందిరా అది, ఎలక బియ్యం మూట కొరికినట్టు?" అని మా అమ్మ మెట్ల కింద నుంచి అరిచేది. రెండేళ్ళ పాటు మా ఇంట్లోవాళ్ళు నా సంగీతాన్ని విన్నది అంతే.

మా ఊళ్ళో మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి అంగళ్ళు మూసి నాలుగింటికి తెరుస్తారు. నాయన భోంచేసి కునుకు తీసేవాడు. నేను మిద్దె మీద రేకుల గదిలోకి వెళ్ళేవాణ్ణి. ఫ్యాను వేస్తే ఆ రెగ్యులేటరు గుంయ్‌మనే శబ్దం రికార్డింగులోకి దిగేది. అందుకని ఫ్యాను కట్టేసి, బనీను కూడా విప్పేసి కూర్చునేవాణ్ణి. పైన రేకులు కాలుతుండేవి. చెమటకి తీగలు తుప్పుపట్టేవి. మూడున్నరకి మొహం కడుక్కుని మళ్ళీ అంగడికి. ఎవరైనా కొట్టి పంపుతున్నారా అంటే అదీ లేదు. నా అంతట నేనే తెచ్చిపెట్టుకున్న బాధ.

ఎందుకంటే ఒక ఆశ ఉండేది. పెళ్ళిళ్ళకీ, కోవిల తిరునాళ్ళకీ పాడే ఒక ఆర్కెస్ట్రా ఉండేది మా ఊళ్ళో. దాని మాస్టరు మా దగ్గరే చొక్కా గుడ్డలు కొనేవాడు. ఒక రోజు సిగ్గు విడిచి అడిగాను. ఆయన ఒక సీడీ ఇచ్చాడు. అందులో కీబోర్డూ డ్రమ్సూ ఉన్నాయి, నడుమ ఒకటిన్నర నిమిషం లీడ్ కోసం, అంటే గిటారు ఒక్కటే ముందుండి వాయించే చోటు కోసం, ఖాళీ ఉంది. "నువ్వే కట్టి నింపుకుని రా. ఆడి నెల ముగిసి పెళ్ళిళ్ళు మొదలయ్యేలోగా. బాగుంటే నిన్నే పెట్టుకుంటా" అన్నాడు. ఆ ఒకటిన్నర నిమిషం సరిగ్గా వస్తే అంగడి నుంచి బయటపడతాను, రాకపోతే చచ్చేదాకా తానులు విప్పుతూ ఉంటాను. నాకు అప్పుడు లోకం అంత చిన్నదిగా ఉండేది.

మొదట్లో వేళ్ళు పగిలి అన్నంలో పులుసు కలుపుకున్నా మండేవని చెబుదామనుకున్నాను గానీ, అన్నం కలిపేది కుడిచేత్తో కదా. కష్టాన్ని పెంచి చెప్పుకోవాలనే ఈ బుద్ధి నాకు ఎప్పుడూ ఉంది. నిజంగా జరిగింది ఇంతే. నాలుగు కొనలూ బొబ్బలెక్కాయి, ఎండాయి, ఊడాయి, మళ్ళీ ఎక్కాయి. ఏడాది తిరిగేసరికి గట్టిగా కాయలు కాచాయి. లీడ్ అంటే తీగని నొక్కి ఊరుకుంటే సరిపోదు, పక్కకి లాగి స్వరాన్ని పైకి ఎక్కించాలి. కాయలు కాయని వేళ్ళతో అది కుదరదు. కాయలు చూసుకుని నేను మురిసిపోయాను.

ఒక పొద్దున అంగట్లో తాను విప్పి అంచు నలిపాను. ఏమీ తెలియలేదు. మళ్ళీ నలిపాను. చెక్క మీద గుడ్డ రాసినట్టుంది. ఎవరూ చూడకుండా కుడిచేత్తో నలిపి చూశాను. దానికి స్పర్శ ఉంది, చదువు లేదు. పదేళ్ళ వయసు నుంచి నేర్చినది ఎడమచెయ్యి, అది కాస్తా మొద్దుబారిపోయింది. పైగా నాయన చూస్తుండగా కుడిచేత్తో నలిపానంటే అక్కడే దొరికిపోతాను.

చెప్పేయాల్సింది. చెప్పలేదు. చెబితే గిటారు ఆపమంటాడని భయం. అందుకని నటించడం మొదలుపెట్టాను. కళ్ళు మూసి, అంచు నలిపి, తలాడించి, సరుకు తెచ్చిన ఏజెంటు మొహం చూసి, నోటికొచ్చింది చెప్పేవాణ్ణి. నా ధైర్యమంతా నాయనే. నా తరవాత ఆయనా వచ్చి అదే తాను నలిపి "సరి" అనేవాడు. నేను పొరబడితే ఆయన పట్టుకుంటాడు కదా అనుకున్నాను. ఏడెనిమిది నెలలు అలాగే నడిచింది. ఆయన ఒక్కసారి కూడా 'మళ్ళా చూడు' అనలేదు. అనకపోవడం నాకెందుకు వింతగా తోచలేదో ఇప్పటికీ తెలియదు.

ఇటు లీడ్ మాత్రం తెమలలేదు. మొదటి సగం వచ్చేది, చివర వచ్చేది, నడుమ ఒక చోట తీగని లాగి అలాగే పట్టుకుని నెమ్మదిగా వదలాలి, అక్కడ చెడిపోయేది. ఎన్నిసార్లు రికార్డు చేశానో. ఎర్ర బటన్ నొక్కడం, చెడిపోవడం, చెరిపేయడం. ఛీ, ఎందుకొచ్చిన గోల అని గిటారు మంచం మీద పడేసి, అయిదు నిమిషాలకి మళ్ళీ తీసేవాణ్ణి. చివరికి విసిగి, ఒక రోజు వాయించిన మొదటి సగానికి ఇంకో రోజు వాయించిన రెండో సగాన్ని కంప్యూటరులో కలిపేశాను. వంద సార్లు విన్నాను. కలిపిన చోటు నాకే దొరకలేదు. అమ్మయ్య, అయిపోయిందనుకున్నాను.

ఆ వారమే మా దగ్గర ఇరవై ఏళ్ళుగా గుడ్డ కొంటున్న దర్జీ ఒక తెల్ల తాను చంకలో పెట్టుకుని వచ్చాడు. కొత్త ఏజెంటు దగ్గర మేము అసలు నూలని కొన్న తానుల్లో ఒకటి. దర్జీ దాన్ని బల్ల మీద పరిచాడు. అంచు నుంచి ఒక పోగు లాగి, అగ్గిపుల్ల గీసి అంటించాడు. నూలు పోగైతే బూడిదవుతుంది. ఇది ప్లాస్టిక్కులా ముడుచుకుపోయి నల్ల పూసై వేలాడింది.

"మొదలాళీ, మీ అంగట్లో కూడానా?" అన్నాడు నాయనతో. కోపం లేదు ఆ గొంతులో, ఆశ్చర్యమే. కోపపడి ఉంటే బాగుండేది.

నాయన నా వైపు తిరిగాడు. "నువ్వు చూస్తివి గదరా?"

"నువ్వూ చూస్తివి గదా నాయనా."

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అమ్మిన గుడ్డ వెనక్కి తీసుకుంటామని చెప్పి దర్జీని పంపేశాక, నాయన స్టూలు మీద కూలబడి ఎడమచెయ్యి చాపాడు.

"షుగరొచ్చినాక కాళ్ళు తిమ్మిరెక్కె. తరవాత చేతులూ అట్లే అయిపోయె. రెండేండ్లాయె, నాకేమీ తెలీదురా. నువ్వుండావు గదా అని చుమ్మా, ఊరికే నలిపేది."

నేను నా చెయ్యి చాపాను. వేళ్ళ కొనల మీద తీగలు కోసిన గాడులు నాలుగూ వరసగా ఉన్నాయి. ఆయన వాటిని కళ్ళతో చూశాడు. మా ఇంట్లో ఎన్నడూ లేనిది. ఇన్ని నెలలూ తండ్రీ కొడుకులం ఇద్దరం పెద్దమనుషుల్లా కళ్ళు మూసుకుని, ఒకరిని నమ్మి ఒకరం, ఏమీ తెలియని వేళ్ళతో గుడ్డ నలుపుతూ కూర్చున్నాం. నాకు నవ్వొచ్చింది. నవ్వబోతే ఏడుపొచ్చింది.

ఆ మధ్యాహ్నం నాయన పడుకోలేదు. మోకాళ్ళు పట్టుకుంటూ మిద్దెక్కి రేకుల గదిలోకి వచ్చాడు. అంతకుముందు ఎన్నడూ రాలేదు. "యాడ, ఆ ఎలక యాడుందో చూపించు" అన్నాడు. కుర్చీలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్ తగిలించి, కలిపిన లీడ్ పెట్టాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఎడమచెయ్యి దానంతట అదే ఒళ్ళోకి వచ్చి, బొటనవేలు మిగతా వేళ్ళ మీద తిరగడం మొదలైంది. గుడ్డ లేదు, ఊరికే. నేను కంప్యూటరు తెర మీద కదిలే గీతనే చూస్తూ నిలబడ్డాను. అంత భయం నాకు మాస్టరు ముందు కూడా లేదు.

బొటనవేలు ఒక చోట ఆగింది.

"నడమ అతుకుందే" అన్నాడు.

తెర మీద గీత చూశాను. సరిగ్గా అక్కడే.

"బాగుండాదిరా. ఇంత చేస్తావని నేను అనుకోలే. అయితే అతుకుండాది. అతుకు గుడ్డ తానని చెప్పి మన అంగట్లో ఏ పొద్దన్నా ఇచ్చినామా?" హెడ్‌ఫోన్ తీసి జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. "మళ్ళా చూడు."

ఆ మాటకి నాకు ఒళ్ళు మండిపోవాలి. మండలేదు. ఎన్ని దినాలు పడతాదని ఆయన అడిగితే పది అన్నాను. ఆ పది రోజులూ తనకి తెలిసిన నేతగాళ్ళ దగ్గర తప్ప కొత్త సరుకు కొననన్నాడు. ఆ తరవాత సంగతి ఆయన అడగలేదు. గిటారు ఆపమని ఒక్క మాట కూడా అనలేదు. మెట్లు దిగుతూ గోడ పట్టుకున్నాడు. ఆ చేతికి గోడ తగులుతోందో లేదో కూడా తెలియదు కదా అనిపించింది.

తొమ్మిదో రోజు వచ్చింది. మొదటి నుంచి చివరిదాకా ఒక్క ఊపున. నడుమ లాగిన స్వరం కొంచెం వణికింది, అయినా నిలిచింది. ముగిశాక ఎర్ర బటన్ ఆపడం కూడా మరిచిపోయి అలాగే కూర్చున్నాను. సంతోషమా అంటే సంతోషమే. కానీ దాని మీద ఎక్కి కూర్చున్నది అలసట.

సీడీ మాస్టరుకి ఇచ్చాను. నాలుగు రోజులకి ఆయనే అంగడికొచ్చి, బయట నిలబడి, వచ్చే నెల నుంచి రమ్మన్నాడు. ఆ వణికిన చోటే బాగుందన్నాడు. నేను లోపలికి చూశాను. నాయన ఒక తాను అంచు పట్టుకుని, నలిపి, ఎవరూ చూడలేదు కదా అన్నట్టు పక్కకి చూసి, మళ్ళీ నలుపుతున్నాడు.

మాస్టరుకి కుదరదని చెప్పాను. ఇది త్యాగమని ఎవరూ అనుకోవద్దు. ఆ తరవాత చాలా రోజులు ఆయన మీదా నా మీదా, ఆ షుగరు మీదా పళ్ళు నూరుకుంటూ తిరిగాను. ఇంట్లో మాత్రం వేరేవాళ్ళని పెట్టుకున్నారట అని చెప్పాను. అమ్మ "పోతే పోనీరా" అంది.

గిటారు గోడకి తగిలించేశాను. మూడు నాలుగు వారాలకి కాయలు పొరలు పొరలుగా లేచాయి. అంగట్లో కూర్చుని వాటిని పీకుతూ ఉండేవాణ్ణి. కింద చర్మం లేతగా, ఎర్రగా వచ్చింది.

ఒక పొద్దున ఇంకా ఎవరూ రాకముందు నాయన నన్ను పిలిచి నా ఎడమచెయ్యి తీసుకున్నాడు. తన బొటనవేలితో నా వేళ్ళ కొనలు రుద్ది చూశాడు. తెలియలేదు కాబోలు. చెయ్యి పైకెత్తి, నా నాలుగు వేళ్ళూ తన చెంపకి ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు. గడ్డం గుచ్చుకుంది. నూలుకి గంజి ఎంత పెట్టారో చెప్పగలిగినంత స్పష్టంగా, ఒక్కో వెంట్రుకా నాకు తెలిసింది.

"మెత్తబడిపోయినాయిరా" అన్నాడు. మంచి తాను తడిసి పాడైతే అనే గొంతు అది.

నా చెయ్యి వదల్లేదు.

"కడాకి అతుకు లేకుండా వాయిస్తివా?"

"ఆఁ నాయనా."

"అట్లయితే వాళ్ళు వద్దని ఉండరే" అన్నాడు. నేను తల వంచుకున్నాను. కొత్తగా వచ్చిన తాను ఒకటి విప్పి, దాని అంచు తెచ్చి నా వేళ్ళ మధ్య పెట్టాడు.