ఇద్దరు సుక్రీలు, ఒక రిపోర్టు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది. అరకులోయకు ఎగువన, కాఫీతోటల మధ్య ఉన్న ఒక గూడెంలో క్యాన్సర్ పరీక్షల క్యాంపు పెట్టాం. నేను అక్కడి ఏఎన్ఎంని, అంటే సబ్‌సెంటర్ నర్సుని. పుట్టింది విజయనగరం వైపే అయినా కొండ మీద అప్పటికే పదకొండేళ్ల సర్వీసు. గూడెంలో నాకు తెలియని మనిషి లేదనుకునేదాన్ని. ఆ పొగరే కొంప ముంచింది.

చేసింది పాప్ స్మియర్. గర్భాశయ ముఖద్వారం దగ్గర కణాలు తీసి, గాజు పలక మీద పూసి, విశాఖ ల్యాబ్‌కి పంపుతాం. క్యాన్సర్ రాకముందే కణాల్లో వచ్చే మార్పు అందులో కనబడుతుంది. అప్పుడే పట్టుకుంటే చిన్న చికిత్సతో పోతుంది. బతిమాలి, కసిరి, నవ్వించి ఆడవాళ్లందరినీ రప్పించాను.

రిజిస్టరులో భర్త పేరుకి ఒక గడి ఉంటుంది. ఆ గూడెంలో ఆడది మొగుడి పేరు పైకి చెప్పదు. సుక్రి అనే ఆమెను అడిగితే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఓలమ్మ! ఆ పేరు నాను సెప్పకూడదు సిస్టరమ్మా."

"మరి ఏటి రాయమంటావే?"

"మా ఆయన నీకు తెలీదేటి? నువ్వే రాసీసుకో."

వెనక ఇంకా చాలామంది ఉన్నారు. జీపు డ్రైవరు హారన్ మోగిస్తున్నాడు. తర్వాత నింపుదాంలే అని గడి ఖాళీగా వదిలేశాను. శుక్రవారం పుట్టిన ఆడపిల్లకి సుక్రి అని పేరు పెట్టడం అక్కడి అలవాటు. ఆ రోజు పరీక్ష చేయించుకున్న సుక్రీలు ఇద్దరు, ఇద్దరి గడులూ ఖాళీయే.

మూడు వారాలకి రిపోర్టు వచ్చింది. సుక్రికి తీవ్రమైన మార్పులున్నాయని రాసి, పక్కన స్లయిడు నంబరు వేశారు. రిజిస్టరు తెరిచి ఆ నంబరు సరిచూడాలి. చూడలేదు. నాతో చనువుగా ఉండే సుక్రి, రోడ్డు పక్క ఇంటామె, గుర్తొచ్చింది. ఏడుస్తున్న ఆమెను నేనే విశాఖ తీసుకెళ్లాను. అక్కడ కాల్పోస్కోపీ, అంటే లోపలి భాగాన్ని పెద్దదిగా చూపించే పరికరంతో పరీక్ష, చేసి ఏమీ లేదన్నారు. ఇద్దరం సంబరంగా అరకు మీదుగా పోయే కిరండూల్ రైలెక్కి వచ్చేశాం. కేసు ముగిసిందని రాసి సంతకం పెట్టాను.

రెండేళ్లకు, కాఫీపళ్లు కోసే రోజుల్లో, రెండో సుక్రి సబ్‌సెంటర్ గుమ్మంలో కూలబడింది. నెలల తరబడి రక్తం పోతోందట. అప్పుడు తీశాను రిజిస్టరు. ఆ నంబరు ఈమెది.

జబ్బు మూత్రాశయం దాకా పాకిందని విశాఖలో డాక్టరు చెప్పాడు. ఆమె మంచం పక్కన కూర్చుని జరిగింది చెప్పేశాను.

"ఒక్క కేకేత్తే వచ్చీదాన్ని కదమ్మా," అంది సుక్రి. "కబురు రానేదు గదా, బాగున్నాననుకున్నాను."

తిట్టినా బాగుండేది. నాలుగు నెలలకు పోయింది.

ఇప్పుడు ప్రతి మనిషికీ ఫొటో తీస్తాను. భర్త పేరు అత్తనో ఆడపడుచునో అడిగి రాసుకుంటాను. నంబరు రెండుసార్లు చూడందే ఎవరి గడపా తొక్కను. అంతా ఒక ప్రాణం పోయాక నేర్చుకున్న బుద్ధి.

ఈ ఏడాది ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వచ్చింది. ఈ క్యాన్సర్‌కి కారణమయ్యే వైరస్‌ను అడ్డుకునే సూది అది. పోయిన సుక్రి కూతురికి పద్నాలుగేళ్లు. ముందు వాళ్లింటికే వెళ్లాను. తండ్రి గుమ్మంలోనే ఆపాడు.

"నీ పరీచ్చ సేయించుకున్నాకే మా ఇంటిది సచ్చిపోనాది. మా గుంటకి సూదొద్దు."

"పరీక్ష సరిగ్గానే చెప్పింది తమ్ముడూ. తప్పు నాది. మనిషిని మార్చేసింది నేనే," అన్నాను.

అతను నా మొహం వంక చూశాడు.

"అయితే మరి నీ సేతికి నా గుంటని ఎలాగిచ్చీమంతావు?"

రిపోర్టు నేను తారుమారు చేశానన్న మాట గూడెమంతా పాకింది. వేరే నర్సును పంపితే, ఆమె నా మనిషేనని తలుపులు వేసేసుకున్నారు. ఒక్క పిల్లకీ టీకా పడలేదు.

నిన్న బదిలీకి అర్జీ పెట్టాను. నేను కొండ దిగిపోతేనైనా ఆ గుంటకి సూది పడుతుందేమో.